వద్దని నేను అనలేదు

జూన్ 30, ఆదివారం

చర్చిలో పూజ అయ్యాక జమున ఒక్కతే మా ఇంటికి వచ్చింది. సూరత్‌లోని ఈ భేస్తాన్‌లో మా గదికీ వాళ్ల గదికీ మధ్య నాలుగు సందులే, అయినా ఆదివారం పూట భర్త పరమేశ్ లేకుండా ఎప్పుడూ రాదు. అతనికి మగ్గాల షెడ్డులో పగటి పాళీ పడిందని చెప్పింది. చాయ్ తాగింది. ఏదో చెప్పబోయి ఆగింది. చివరికి నా భార్య విజయశ్రీయే చెప్పింది.

"మీ చెల్లెకు రొమ్ముల గడ్డ తేలింది. పెద్దాసుపత్రిల చూపిచ్చుకున్నరు."

జమున గడప మీద కూర్చుని కాలి మెట్టె తిప్పుకుంటోంది.

"సూది గుచ్చి ముక్క తీస్తరట అన్నా. మంచిది కాకుంటే కోసి తీసేస్తరట. గురువారం రమ్మన్నరు. పోవాల్నా, వద్దా? నువ్వు చెప్పు."

"పరమేశ్ ఏమన్నడు?"

"ఆయన పో అనే అంటడు. నాకే మనసొప్పుతలేదు. దేవుని మాట ఎరుకున్నోనివి నువ్వు. నువ్వేదంటే అదే."

అమ్మ బైబిల్ తీశాను. ఇవాళ చర్చిలో చదివిన సువిశేషమే, మార్కు అయిదో అధ్యాయం. పన్నెండేళ్లు రక్తం పోతూ బాధపడ్డ స్త్రీ కథ. ఆమె ఎందరో వైద్యుల దగ్గర తిరిగి, ఉన్నదంతా పోగొట్టుకుని, బాగుపడకపోగా ఇంకా పాడైందని ఉన్న వాక్యం చదివాను. పుస్తకం మూశాను.

జమున పుస్తకాన్ని కళ్లకద్దుకుని వెళ్లిపోయింది.

జూలై 1, సోమవారం

"గా ఒక్క ముక్కనే ఎందుకు చదివినవ్?" అని విజయశ్రీ అడిగింది. నిన్నటి వాక్యం అదే కదా అన్నాను.

జూలై 4, గురువారం

జమున ఆసుపత్రికి పోలేదు. మరియతల్లికి తొమ్మిది రోజుల ప్రార్థన మొదలుపెట్టిందట. నన్ను కూడా చెయ్యమని కబురు పంపింది. చేస్తాను.

వద్దని నేను అనలేదు. వాక్యం చదివానంతే.

జూలై 7, ఆదివారం

వచ్చే ఆదివారం ఫాదర్ బైబిల్ క్లాసుకి వస్తున్నారు. ప్రతి నెలా రెండో ఆదివారం మధ్యాహ్నం ఆయన హిందీలో చెబుతారు, నేను మన వాళ్లకి తెలుగులో చెబుతాను. ఆరేళ్లుగా ఇదే పద్ధతి. మిల్లులో నేను చీరలు మడిచి కట్టలు కట్టే నరహరిని. ఆ గంటన్నరసేపు మాత్రం ముప్పైమంది నా నోటి వైపు చూస్తారు. ఉపదేశి అని పిలుస్తారు. ఆ పేరు నాకు ఎవరూ ఇవ్వలేదు, దానంతటదే వచ్చింది. వద్దని కూడా నేను అనలేదు.

ఈ మాట రాశాక చదువుకుంటే బాగాలేదు. కొట్టెయ్యను. డైరీలో కొట్టివేతలు ఉండకూడదని అనుకున్నాను.

జూలై 14, ఆదివారం

వాన. హాలు పైకప్పు రేకులది కావడంతో ఫాదర్ మాట ముందు వరసకి కూడా సరిగ్గా అందలేదు. ఆయన మెల్లగా మాట్లాడతారు, పైగా అది పుస్తకాల హిందీ. ఆడవాళ్లు వెనక గోడవారగా కూర్చున్నారు. వాళ్లకి అందేది నా గొంతే.

వాక్యాన్ని ఎలా చదవాలో చెప్పారు. ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, అది కథా, పాటా, ఉత్తరమా, ముందు చూడండి. దానికి ముందు ఏముంది, వెనక ఏముంది చూడండి. అదే సంగతి మీద మిగతా గ్రంథం ఏమంటుందో చూడండి. కతోలిక శ్రీసభ రెండువేల ఏళ్లుగా దాన్ని ఎలా అర్థం చేసుకుందో అడగండి. ఒక్కరే కూర్చుని ఒక్క ముక్క తెంపుకుని ఇది నా కోసమే అనుకోవద్దు. ఇవన్నీ నేను తెలుగులో చెప్పాను. బాగానే చెప్పాను.

తర్వాత ప్రశ్నలడగమన్నారు. వెనక నుంచి జమున లేచింది. క్లాసులో ఆమె లేవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఫాదర్‌ను అడుగన్నా. రక్తం పోయే ఆమె కథల డాక్టర్లతోని ఏం కాలేదని రాసి ఉన్నది గదా. డాక్టర్ దగ్గరికి పోతే నమ్మకం లేనట్టా?"

నేను హిందీలో అడిగాను. ఉన్నదున్నట్టు అడిగాను.

ఫాదర్ చాలాసేపు చెప్పారు. కానే కాదమ్మా అన్నారు. ఆమె ఎంత దిక్కులేక ప్రభువు దగ్గరికి వచ్చిందో చెప్పడానికి మార్కు ఆ మాట రాశాడు, వైద్యుల దగ్గరికి పోవద్దని చెప్పడానికి కాదన్నారు. సీరా పుత్రుడి జ్ఞానగ్రంథం ముప్పై ఎనిమిదో అధ్యాయం చూడమన్నారు. వైద్యుణ్ణి గౌరవించు, అతన్నీ దేవుడే చేశాడు, నేలలోంచి మందులు పుట్టించిందీ ఆయనే, జబ్బు పడితే ప్రార్థించు, తర్వాత వైద్యుడికి చోటివ్వు అని అక్కడ ఉందన్నారు. నమ్మకం ఉన్నవాళ్లే ధైర్యంగా ఆసుపత్రికి పోవాలన్నారు. బాగుచేసేది చివరికి దేవుడేనని కూడా అన్నారు.

నేను తెలుగులో ఇలా చెప్పాను: "నమ్మకమే ముఖ్యం అంటున్నరు ఫాదర్. బాగుచేసేది దేవుడే. అంతా ఆయన చేతులనే ఉన్నది."

జమున తల ఊపి కూర్చుంది.

టైము అయిపోతోంది. వాన పెద్దదైంది. అందరికీ వినపడదని కుదించాను.

జూలై 15, సోమవారం

నేను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. ప్రతి మాటా ఫాదర్ అన్నదే.

జూలై 16, మంగళవారం

విజయశ్రీ సూరత్‌లోనే పుట్టి పెరిగింది. హిందీ బడిలో చదివింది. మొన్న క్లాసులో ఆడవాళ్లలో తనొక్కతే ముందు వరసలో చివర కూర్చుంది. ఈ సంగతి నాకు మొన్న గుర్తు రాలేదు.

ఇవాళ పొద్దున మిల్లుకి బయలుదేరుతుంటే డబ్బా చేతికిస్తూ అంది.

"ఫాదర్ చానా చెప్పిండు. నువ్వు జరంతనే చెప్పినవ్."

"వాన గదా."

"గా గ్రంథం పేరన్న చెప్తే అయిపోవు గదా. ఇంట్ల చదివిచ్చుకుంటుండె."

ఆ గ్రంథం అమ్మ బైబిల్లో లేదన్నాను. నిజంగానే లేదు. అమ్మకి ఆ పుస్తకం ఊళ్లో వేరే సంఘం వాళ్లు ఇచ్చారు. కతోలికుల బైబిల్లో అదనంగా ఉండే ఏడు గ్రంథాలు అందులో ఉండవు. లేని పేజీని చెల్లెలికి ఎలా చూపిస్తాను?

విజయశ్రీ తలెత్తి అలమర పైకి చూసింది.

జూలై 18, గురువారం

మిల్లు నుంచి వచ్చేసరికి చర్చి వాళ్లు నాకిచ్చిన పెద్ద బైబిల్ బల్ల మీద ఉంది. మామూలుగా అది అలమరలో పైన ఉంటుంది. తెరిచి ఉంది. ఏ పేజీయో నేను చూడలేదు. మూసి అలమరలో పెట్టాను.

జమున వారం రోజుల్లో ఏమైపోతుంది? గడ్డలు ఎంతమందికి ఉండవు? నేను వద్దని అనలేదు. పోతానంటే ఆపేవాణ్ణి కాను.

జూలై 25, గురువారం

మూడు రోజులుగా వాన. ఖాడీ వాగు పొంగి కింది సందుల్లోకి నీళ్లొచ్చాయి. జమున వాళ్ల గదిలోకి మోకాళ్ల దాకా వచ్చాయని బియ్యం, బట్టలు మా ఇంటికి తెచ్చాం. ముగ్గురం కలిసి మోశాం, పరమేశ్ మూటలు నా చేతికివ్వకుండా గడపలో పెట్టి వెళ్లాడు.

మెట్ల మీద జమునని అడిగాను, ఎలా ఉందని.

"చిన్నగయింది అన్నా. నీ ప్రార్థన."

చిన్నదైంది!

దేవునికి స్తోత్రం. విజయశ్రీకి చెప్పాను. ఆమె జమున ముఖం వైపు చూసి లోపలికి వెళ్లిపోయింది. ఈమెకి నమ్మకం తక్కువ.

జూలై 26, శుక్రవారం

చిన్నదైందని తనే చెప్పింది. నేను అడగగానే చెప్పింది.

ఆగస్టు 3, శనివారం

పరమేశ్ వచ్చాడు. వాళ్లది మన సంఘం కాదు. అతను చర్చి మెట్లు ఎక్కింది పెళ్లినాడు ఒక్కసారే, కానీ జమునని ఏ ఆదివారమూ ఆపలేదు. చెప్పులు విడిచి గుమ్మంలోనే నిలబడ్డాడు. చెవుల్లో మగ్గాల మోత నిండిపోయి అతను మామూలుగా గట్టిగా మాట్లాడతాడు. ఇవాళ మెల్లగా మాట్లాడాడు.

"బావా, నేను మీ దేవున్ని ఒక్క మాట అంటలేను. నువ్వు ఒక్క మాట చెప్పు చాలు. పో అను. పోతది."

"నేను వద్దనలే పరమేశ్."

"వద్దనలే. పో అని కూడ అనలే. రాత్రిపూట చెయ్యి లేపలేకపోతున్నది బావా. చంకల కూడ గడ్డ తగులుతున్నది. నాకు చెప్తలేదు, నేనే చూసిన."

చిన్నదైందని నాతో అంది కదా అన్నాను. పరమేశ్ నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. జాలి ఉంది.

"ప్రార్థన చేద్దాం" అన్నాను.

అతను చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ప్రార్థన చేద్దామన్నాను గానీ ఆ తర్వాత చెయ్యలేదు. గోడకానుకుని కూర్చున్నాను.

ఆగస్టు 4, ఆదివారం

పూజకి వెళ్లాను. ఏమి చదివారో గుర్తు లేదు.

ఆగస్టు 8, గురువారం

అమ్మ సంగతి ఎప్పుడూ ఎక్కడా రాయలేదు. పదకొండేళ్లయింది.

కరీంనగర్‌లో గర్భసంచి తియ్యాలన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. "నాకొద్దు బిడ్డా, గిట్లనే ఉంటా" అని మంచం పట్టె పట్టుకుంది. జమునకి అప్పుడే పెళ్లయి పరమేశ్‌తో ఇక్కడికి వచ్చేసింది. ఊళ్లో నేనొక్కణ్ణే ఉన్నాను. పో అన్నాను. కోప్పడ్డాను కూడా. పట్టె మీద నుంచి అమ్మ వేళ్లు నేనే విడదీశాను. ఆసుపత్రి కాగితం మీద నేనే సంతకం పెట్టాను. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. మూడోనాడు చలిజ్వరం. అయిదోనాడు అమ్మ పోయింది. ఎవరి తప్పూ కాదన్నారు. నిజమే అయుండొచ్చు.

జమునకి ఫోన్లో జ్వరం వచ్చి పోయిందని చెప్పాను. వేళ్ల సంగతి చెప్పలేదు.

ఆ పుస్తకంలో మిగతా వాక్యాలన్నీ వదిలి ఆ ఒక్క వాక్యం దగ్గర నా చెయ్యి ఎందుకు ఆగిందో నాకు తెలుసు. జూన్ 30నే తెలుసు.

ఆగస్టు 11, ఆదివారం

క్లాసుకి గంట ముందే వెళ్లాను. ఫాదర్ హాల్లో కుర్చీలు సర్దుతున్నారు. నేనూ సర్దాను. నాలుగో వరస దగ్గర ఆగి అంతా చెప్పాను. అనువాదంలో వదిలేసింది కూడా.

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. కుర్చీలో కూర్చుని నన్నూ కూర్చోమన్నారు.

"ఏ వాక్యం దగ్గర ఆపావు?"

"ఇరవై ఆరు."

"తర్వాతది చదువు."

ఆయన దగ్గరున్నది హిందీ బైబిల్. చదివాను. ఆమె యేసు సంగతి విని, జనం మధ్యలోంచి వచ్చి, వెనక నుంచి ఆయన అంగీ తాకింది.

"ఆమెని వెళ్లమని ఎవరైనా చెప్పారా?"

"లేదు ఫాదర్."

"వద్దని?"

"లేదు."

"తనంతట తనే వచ్చింది. నువ్వు ఆమెని ఇరవై ఆరో వాక్యంలోనే ఆపేశావు. అక్కడ ఆపితే అది సువార్త కాదు, చెడ్డ వార్త. ఇంకా చదువు."

ఆమె భయంతో వణుకుతూ వచ్చి, ఆయన ముందు సాగిలపడి, జరిగిందంతా నిజం చెప్పిందని ఉన్నచోట వేలు పెట్టి మళ్లీ చదివాను. ఆ అధ్యాయం నేను ఎన్నిసార్లు చదివాను! ఆ వాక్యం అక్కడ ఉందని ఒక్కసారీ ఆగి చూడలేదు.

"ఈ గ్రంథాన్ని ఒంటరిగా చదవొద్దని నేను మీకు చెప్పేది అందుకే" అన్నారు ఫాదర్. "ఒంటరిగా చదివితే మన భయమే దేవుడి గొంతుతో మాట్లాడుతుంది. మనకి తేడా తెలియదు. నాకూ తెలియదు. పక్కన ఇంకొకరు ఉండాలి."

నా పాపాల ఒప్పుకోలు, పాపసంకీర్తనం, విన్నారు. క్షమాపణ ఇచ్చారు. మళ్లీ అన్నారు: "ఇది దేవుడికి చెప్పడంతో అయిపోలేదు. చెల్లెలికి చెప్పు. ఆలస్యం చెయ్యకు."

క్లాసు జరిగింది. జమున రాలేదు. నేను అనువాదం చెయ్యనన్నాను. విజయశ్రీ చేసింది. నాకంటే మెల్లగా చెప్పింది, మధ్యలో ఆగి ఫాదర్‌ని అడిగి మరీ చెప్పింది.

ఇక్కడ మాత్రం నిజం రాస్తాను. వద్దన్నాను. నా చెల్లెలికి వద్దని చెప్పాను. పుస్తకం అడ్డం పెట్టుకుని చెప్పాను.

ఆగస్టు 12, సోమవారం

రేపు వెళ్తాను.

ఆగస్టు 13, మంగళవారం

ఓవర్‌టైం ఉంది.

ఆగస్టు 14, బుధవారం

ఓవర్‌టైం అడిగి వేయించుకున్నాను.

ఆగస్టు 15, గురువారం

మిల్లుకి సెలవు. మరియతల్లి మోక్షారోపణ పండుగ కూడా. పూజ అవగానే విజయశ్రీ నా చెయ్యి పట్టుకుని ఇంటివైపు కాక జమున వాళ్ల సందువైపు తిప్పింది. తను లోపలికి రాలేదు, మెట్ల దగ్గరే ఆగిపోయింది.

జమున నేల మీద చీర పరుచుకుని దాని అంచుకి రాళ్లు అతికిస్తోంది. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఒక్క కుడిచేత్తోనే. పరమేశ్ కిటికీ దగ్గర గడ్డం గీసుకుంటున్నాడు.

కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో నాలుగు రోజులుగా అనుకున్నదంతా పోయింది.

"జమునా, ఫాదర్ డాక్టర్ దగ్గరికి పోవద్దనలే. పొమ్మన్నడు. డాక్టర్‌ను కూడ దేవుడే పుట్టిచ్చిండని రాసి ఉన్నదన్నడు. నేను నీకు చెప్పలే."

ఆమె చేతిలో జిగురు పుల్ల ఆగింది.

"ఎందుకు?"

అమ్మ సంగతి చెప్పాను. మంచం పట్టె. వేళ్లు. సంతకం. అయిదోనాడు. పరమేశ్ సగం గడ్డంతో అలాగే నిలబడిపోయాడు. నేను ఏడవలేదు. ఏడుస్తే జమున నన్ను ఓదారుస్తుంది, అలా కాకూడదని గట్టిగా అనుకుని వచ్చాను.

జమున చీర పక్కకి జరిపింది. పుల్ల జిగురు డబ్బాలో పెట్టి మూత బిగించింది.

"అమ్మ నాకు కూడ అమ్మనే అన్నా" అంది. "పదకొండేండ్ల సంది జ్వరమొచ్చి పోయిందనే అనుకుంటున్న."

"తప్పయింది."

"చిన్నగయిందని చెప్పిన గదా నీకు వానల. చిన్నగ కాలే. రోజు రోజుకు పెద్దగనే అయింది. ఎందుకు చెప్పిననో ఎరుకనా? కాలేదంటే నీ నమ్మకం పోతదేమోనని."

చీర అంచు మీద రాళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"నువ్వు నాకు అబద్ధం చెప్పినవ్. నేను నీకు చెప్పిన. ఇద్దరం కలిసి ఆరు వారాలు దేవుని పేరు చెప్పుకున్నం." జిగురు డబ్బా దూరంగా నెట్టింది. "నాకు భయమైతున్నది, ఏం చెప్పాల్నో తెలుస్తలేదు అని ఒక్క మాట అనకపోయినవా అన్నా. ఇద్దరం కలిసి భయపడుతుంటిమి గదా. నేను ఒక్కదాన్నే భయపడ్డ."

పరమేశ్ ముఖం తుడుచుకున్నాడు. మంచం కింద పెట్టె లాగి ఆసుపత్రి కాగితాలు తీశాడు. వరద నీళ్లకి అంచులు ముడుచుకుపోయాయి. ఒక్కొక్కటీ విడదీసి చూశాడు.

"పొద్దున ఆరింటికి పోదాం" అన్నాడు జమునతో.

జమున సరేనంది. నా వైపు తిరిగి, "నువ్వు రాకన్నా. వదినె వస్తది. ఇంక నా కోసం వాక్యం తియ్యకు" అంది.

ఆగస్టు 16, శుక్రవారం

వెళ్లారు. నేను మిల్లుకి వెళ్లాను. నాలుగు కట్టల్లో ఒకటి తప్పు లెక్కతో కట్టానని సూపర్‌వైజర్ తిప్పి పంపాడు.

ఆగస్టు 27, మంగళవారం

క్యాన్సరే. చంకలోకి పాకింది.

విజయశ్రీ డాక్టర్‌ని అడిగిందట, జూలైలోనే వచ్చి ఉంటే? ముందు వస్తే ఎప్పుడూ మంచిదే, అయితే చంకలోకి అప్పటికే పాకిందో తర్వాత పాకిందో తను చెప్పలేనని ఆయన అన్నాడట.

చెప్పలేనన్నాడు.

ఈ మాట నాకు ఎంత తియ్యగా ఉందో రాసి పెట్టుకోవాలి. గంటసేపట్లో పదిసార్లు మనసులో తిప్పుకున్నాను. మళ్లీ అదే పని. డాక్టర్ అన్న రెండు ముక్కల్లో నాకు కావలసినది తెంపుకుని, మొదటిది వదిలేశాను. ముందు వస్తే ఎప్పుడూ మంచిదే అన్నాడు. అది కూడా ఆయనే అన్నాడు.

సెప్టెంబర్ 10, మంగళవారం

ఇవాళ ఆపరేషన్.

రావద్దంది కాబట్టి వార్డులోకి పోలేదు. ఆసుపత్రి గేటు బయట చాయ్ బండి దగ్గర నిలబడ్డాను. పరమేశ్ వచ్చాడు, నన్ను చూసి రెండు చాయ్‌లు చెప్పాడు. ఇద్దరం తాగాం.

"కాగితం మీద నేనే సంతకం పెడుతనన్న" అన్నాడు. "వినలే. తనే పెట్టింది. రెండో తరగతి చదివింది గదా, జ, ము, న, మూడు అక్షరాలకు మూడు నిమిషాలు. నర్సు పక్కన నిలవడి తొందర పెడుతున్నా ఆగలే."

"భయపడ్డదా?"

"పడ్డది. చేతులు వణికినయ్. వణుక్కుంటనే రాసింది."

రెండు గంటలకి బయటికి తెచ్చారు. బతికే ఉంది. అయిదు రోజులు లెక్కపెట్టాలి నేను.

సెప్టెంబర్ 13, శుక్రవారం

మూడోనాడు. జ్వరం లేదు. విజయశ్రీకి నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగోసారి, "మంచిగున్నది, నువ్వు జర తిను" అంది.

సెప్టెంబర్ 15, ఆదివారం

అయిదోనాడు. జ్వరం లేదు.

పూజ అయిపోయిందని కూడా చూసుకోకుండా మోకాళ్ల మీదే ఉన్నాను. పక్కవాళ్లు లేపారు.

అక్టోబర్ 3, గురువారం

మొదటి కీమో మందు ఎక్కించారు. ఇలాంటివి ఆరు. జమునకి తోడుగా విజయశ్రీ బడిలో ఆయా పనికి సెలవు పెట్టి వెళ్లింది. సాయంత్రం ఇంటి దగ్గర పెరుగన్నం కలిపి గిన్నె తీసుకెళ్లాను. గుమ్మంలో పరమేశ్‌కి ఇచ్చాను. లోపల నుంచి వాంతి చేసుకుంటున్న చప్పుడు. లోపలికి రమ్మని అతను అనలేదు. నేనూ అడగలేదు.

అక్టోబర్ 24, గురువారం

రెండోది. జుట్టు ఊడుతోందట. పరమేశ్ మిషన్ తెచ్చి తీసేశాడట. తీసేటప్పుడు ఇద్దరూ నవ్వారట. ఈ సంగతి విజయశ్రీ చెప్పింది.

ఇప్పుడు సీరా పుత్రుడి గ్రంథం నెమ్మదిగా, మొదటి నుంచి చదువుతున్నాను. ఎవరికీ చెప్పడానికి కాదు. నాకు అర్థం కానివి కాగితం మీద రాసుకుని ఫాదర్‌ని అడుగుతున్నాను. కొన్నిటికి ఆయన కూడా తెలియదంటారు. అమ్మ పుస్తకం కూడా చదువుతాను. ఆ పుస్తకం తప్పేమీ లేదు.

నవంబర్ 10, ఆదివారం

క్లాసుకి జమున వచ్చింది. జూలై తర్వాత ఇదే రావడం. తలకి నీలం రుమాలు, బాగా చిక్కింది. వెనక గోడవారగా కాక రెండో వరసలో కూర్చుంది. నేను మగవాళ్ల వైపు చివరి కుర్చీలో ఉన్నాను. ఫాదర్ పక్కన విజయశ్రీ నిలబడింది.

ఇవాళ పాఠం వేరే. కరువులో ప్రవక్తకి పిడికెడు పిండితో రొట్టె చేసిపెట్టిన సరెఫాతు విధవ కథ. ఫాదర్ ముగించి ప్రశ్నలు అడగమన్నారు. జమున లేచింది. రుమాలు సరిచేసుకుంది.

"ఇది ఇయ్యాల్టి పాఠం కాదు ఫాదర్. రక్తం పోయే ఆమె, అప్పటిది. బాగయినంక సమాధానంగ పొమ్మన్నడు గదా ప్రభువు. ఇంటికి పోయి ఆమె ఏం చేసింది?"

విజయశ్రీ చెప్పింది. ఫాదర్ ఆలోచించారు.

"మార్కు రాయలేదు. ఎవరూ రాయలేదు. నాకు తెలియదమ్మా. నువ్వేమనుకుంటున్నావు?"

జమున ముందు కుర్చీ వీపు పట్టుకుంది. హాలంతా ఎదురుచూసింది.

"పన్నెండేండ్లు ఆమెను ఎవరు తాకలేదు గదా, మైల అని. ఇంటికి పోంగనే ఎవలన్న పక్కన కూసుంటే చెయ్యి పట్టుకోని ఉంటది. ఏం మాట్లాడి ఉండది. అటెనుక మంచిగ నిద్రపోయి ఉంటది."

విజయశ్రీ ఒక్క మాటా వదలకుండా హిందీలో చెప్పింది. ఫాదర్ తన పుస్తకం తెరిచి, ఆ అధ్యాయం పక్కన పెన్సిల్‌తో ఏదో రాసుకున్నారు.

బయట అందరూ వెళ్లిపోతున్నారు. నేను ఆటో పిలిచాను, జమున నడవలేదని. ఆమె ఎక్కి కూర్చుంది, పక్కన విజయశ్రీ. నేను నడిచి వస్తానని వెనక్కి జరిగాను.

"అన్నా."

దగ్గరికి వెళ్లాను. ఆగస్టు తర్వాత ఆమె నన్ను పిలవడం ఇదే.

"గురువారం మూడోది. వదినెకు సెలవు ఇయ్యరట. పరమేశ్‌కు పాళీ ఉన్నది. నువ్వు వస్తవా?"

"వస్త."

"ఆరు గంటలు కూసోవాలె. విసుగొస్తది."

"రానియ్యి."

"నాకు సూది గుచ్చంగ చూస్తే భయమైతది."

"నాకు కూడ అయితది" అన్నాను.

ఆటో కదిలింది. గురువారానికి సెలవు అడగాలి. పొద్దున ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉండాలట.